కంప్యూటరు తనంతట తానే కొత్తదైతే

ఈ సంచికకు కంప్యూటరు గురించి ఒక వ్యాసం యివ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట తోచింది కృత్రిమ మేధ. కాని దాని మీద రాయగలవాళ్లు మన కళాశాలలో చాలామందే వున్నారు. గత వానాకాలంలో జఫర్‌గఢ్‌లో మా యింటి కంప్యూటరుకు వచ్చిన జబ్బు గురించి రాస్తే నలుగురికీ ఎక్కువ పనికి వస్తుందనిపించింది. ఆ జబ్బు ఎవరింటి కంప్యూటరుకైనా రావచ్చు.

ఒక గురువారం సాయంత్రం హాస్టలుకు బాపు ఫోను చేసిండు. "కంప్యూటర్ కొత్తగైందిరా. తెరిస్తే నీలం తెర, చెత్తబుట్ట బొమ్మ, పక్కన రెండు బొమ్మలు. ఇంకేం లెవ్వు. పేజ్‌మేకర్ లేదు. పాటలు లెవ్వు."

పాటలంటే ఏమిటో చెప్పాలి. మా బాపు తెలుగు పండితుడుగా పనిచేసి రిటైరయిండు. ఉద్యోగంలో వున్నప్పటి నుంచీ మా చుట్టుపక్కల ముసలమ్మల దగ్గర కూర్చుని బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, అప్పగింతల పాటలు నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. ఆ నోటుబుక్కులకు చెదలు పట్టినయి. అప్పటికే సగానికి పైగా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో, రెండు వేళ్లతో టైపు చేసి వుంచిండు కాబట్టి అంత దుఃఖపడలేదు. ఆ పాటలు పాడిన వాళ్లల్లో ఇప్పుడు బతికున్నది ఇద్దరు. వాళ్లలో ఒకామెకు వినపడదు.

"ఎవడు ముట్టిండో నాకెరుకే" అని కూడా బాపు అన్నడు. మూడో తరగతి చదివే మా అక్క కొడుకు మీద అనుమానం. వాడు ఆటల కోసం కంప్యూటరు దగ్గర తిరుగుతుంటడు. వాడికి అప్పటికే గట్టిగా తిట్లు పడ్డయట.

"దాన్ని బంద్ చెయ్యి. నేనొచ్చేదాక ముట్టకండ్రి" అన్నాను. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకునే తీరిక మీకు వుంటే ఆ వాక్యమే గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే, హార్డు డిస్కులో ఫైలు చెరిగిపోవడమంటే చాలా సందర్భాల్లో అక్కడి రాత పోవడం కాదు. 'ఈ చోటు ఖాళీ' అని పట్టికలో గుర్తు పడడం. దాని మీద కొత్త రాత పడేంతవరకు పాతది కిందనే వుంటుంది. కంప్యూటరు నడుస్తున్నంతసేపు, మీరేమీ చేయకపోయినా, అది ఏదో ఒకటి రాస్తూనే వుంటుంది. పాత సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ ఎక్కిద్దామని ఉత్సాహపడేవాళ్లు తమ ఫైళ్ల మీద తామే మట్టి పోసుకుంటున్నారన్న మాట. ఎస్‌ఎస్‌డి అయితే యింకా కష్టం. అందులో ట్రిమ్ అనే ఏర్పాటు వుంటుంది, ఖాళీ అని గుర్తు పడిన చోటును అది తానే శుభ్రం చేయించేస్తుంది. మాది అదృష్టవశాత్తూ పాత హార్డు డిస్కు.

శనివారం బస్సెక్కేముందు హన్మకొండలో ఒక రిపేరు దుకాణంలో అడిగాను. "ఏముందన్నా, ఫార్మాట్ కొట్టి మంచి విండోస్ ఎక్కిద్దాం. వెయ్యి రూపాయల లోపే" అన్నడు. అతణ్ణి తప్పు పట్టను. అతని దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది కంప్యూటరు నడవాలనే వస్తారు, పాటలు కావాలని రారు. కాని ఆ సలహా విని వుంటే ఈ వ్యాసం వుండేది కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 'దానంతట అదే కొత్తదయింది' అనేది రోగి చెప్పే మాట. దాని వెనక వేరు వేరు జబ్బులు వుంటాయి. ఏది జరిగిందో తెలిస్తేనే ఫైళ్లు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కొన్నిసార్లు ఏమీ పోయి వుండదు. విండోస్ మన ఖాతాను తెరవలేక తాత్కాలిక ఖాతా ఒకటి తెరిచి చూపిస్తుంది. తెర బోసిగా వుంటుంది, మనం లబోదిబోమంటాము. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ తర్వాత చాలా దేశాల్లో యిదే జరిగింది. పాత ఫోల్డరు పేరు చివర ఒక తోక తగిలించుకుని సి డ్రైవులో యూజర్స్ ఫోల్డరులోనే వుంది. అందుకని మొట్టమొదట చూడవలసింది ఆ ఫోల్డరు. మనది కాని పేరుగాని, తోక వున్న పేరుగాని కనబడితే సగం భయం పోయినట్లే.

యింకొకటి, విండోస్ పాతదాని నుంచి కొత్తదానికి మారడం. 2015 జులైలో విండోస్ 10 వచ్చాక, 2016 వరకు, తాము ఒప్పుకోకుండానే అది ఎక్కిందని ఎందరో ఫిర్యాదు చేశారు. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకామె కోర్టుకెక్కి పదివేల డాలర్లు గెలుచుకుంది. 2018 అక్టోబరు అప్‌డేట్ అయితే కొందరి డాక్యుమెంట్లనే తుడిచేసింది. నాలుగు రోజులకే, అక్టోబరు 6న, కంపెనీ దాని పంపిణీని నిలిపివేసింది. ఈ కథలు తెలిసినవాళ్లకు ప్రతిదానికీ అప్‌డేట్‌నే అనుమానించడం అలవాటు. మా వీధిలో ఒకాయన యింకో అడుగు ముందుకు వేసి, "విండోస్ పదికి కంపెనోళ్లు సపోర్టు బంద్ పెడుతున్నరు గదా, అందుకే చెరిపేసిండ్రు" అన్నడు. సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసిన మాట నిజమే. కాని సపోర్టు ముగియడమంటే మామూలుగా వచ్చే మరమ్మతులు రాకపోవడం, అంతే. దాని వల్ల ఎవరి ఫైళ్లూ చెరిగిపోవు.

మూడోది నాకు చాలా యిష్టమైన జబ్బు. కొందరి డబ్బాలో పాత డిస్కు ఒకటి, తర్వాత కొన్న కొత్త డిస్కు ఒకటి వుంటాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ వుంటుంది, సిఆర్2032 అంటారు. అది చచ్చిపోతే ఏ డిస్కుతో మొదలవ్వాలన్న సెట్టింగును కొన్ని బోర్డులు మరిచిపోతాయి. కంప్యూటరు ఎప్పటిదో పాత డిస్కులోని పాత విండోస్‌ను తెరిచి కూర్చుంటుంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటారు, అన్నీ పక్క డిస్కులోనే వుంటాయి. మా యింట్లో వున్నది ఒకటే డిస్కు. పైగా ఇంటర్నెట్ వైరు పీకి, పవరు తీసి రాత్రంతా వుంచి చూసినా గడియారం సరైన టైమే చూపింది. బ్యాటరీ బతికే వుంది.

మిగిలింది రీసెట్. 2012లో విండోస్ 8తో ఈ సౌకర్యం వచ్చింది. కంప్యూటరు వరసగా రెండుసార్లు సరిగా మొదలు కాలేకపోతే, ఆ తర్వాత తనంతట తానే మరమ్మతు తెరలోకి పోతుంది. ఇంతవరకు నిజంగా 'దానంతట అదే'. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చెడ్డ ఫైలు వల్ల ప్రపంచంలో ఎనభై అయిదు లక్షల విండోస్ యంత్రాలు ఇలాగే పడి లేస్తూ, లేచి పడుతూ చివరకు నీలి తెరల దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో రాసిచ్చారు. మా యింట్లో ఆ పని గాలివాన చేసింది. కోట గుట్ట మీదుగా గాలి లేచినప్పుడల్లా కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మాకు అలవాటే. యుపిఎస్ బ్యాటరీ చచ్చి రెండేళ్లు. నేను కొంటానని చెబుతూ వచ్చాను, కొనలేదు.

అయితే, మిత్రులారా, మరమ్మతు తెర అక్కడ ఆగుతుంది. ట్రబుల్‌షూట్ అనే గడి, దాని లోపల రీసెట్ అనే గడి, దాని లోపల రెండు దారులు: నా ఫైళ్లు వుంచు, అన్నీ తీసెయ్యి. మా విండోస్ తెర మొత్తం ఇంగ్లీషే. ఆ గడులను ఒక మనిషి నొక్కితే తప్ప అది ముందుకు పోదు.

మా కంప్యూటరులో నొక్కింది ఏ గడో పదినిమిషాల్లో తేలింది. చెత్తబుట్ట పక్కన రెండు బొమ్మలన్నడు గదా బాపు, వాటిలో ఒకటి చిన్న కాగితం. 'తీసివేసిన యాప్‌లు' అని ఇంగ్లీషులో పేరుంది. రీసెట్ అయ్యాక విండోస్ తానే వదిలిపెట్టే పట్టీ అది, హంతకుడు చీటీ రాసిపెట్టి పోయినట్లు. తెరిస్తే పేజ్‌మేకర్, అను, ఇంకా పదిహేను పేర్లు. దాన్ని ఇంట్లో ఎవరూ తెరవలేదు. సి డ్రైవులో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరు కూడా వుంది. అది కనబడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. 'నా ఫైళ్లు వుంచు' నొక్కినా, కొత్త విండోస్‌కు అప్‌గ్రేడ్ అయినా పాత విండోస్ మొత్తం అందులోకి పోతుంది. కాని అది శాశ్వతం కాదు, అప్‌గ్రేడ్ తర్వాతనైతే పది రోజులకు వూడ్చేస్తుంది. 'అన్నీ తీసెయ్యి' నొక్కి వుంటే ఆ ఫోల్డరు దొరికేది కాదు.

మరి ఫైళ్లు వుంచుతానన్న విండోస్ పాటలను ఎందుకు వుంచలేదు? ఇక్కడే చిక్కు. విండోస్ దృష్టిలో 'నా ఫైళ్లు' అంటే డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ వంటి ఫోల్డర్లలో పెట్టుకున్నవి. ప్రోగ్రాం ఫైల్స్ అనే ఫోల్డరులో వున్నది ప్రోగ్రాముల సొత్తు. బాపు పాటలు దాచింది సరిగ్గా అక్కడ, పేజ్‌మేకర్ ఫోల్డరులోనే. "పేజ్‌మేకర్ల టైపు చేసిన, పేజ్‌మేకర్ల పెట్టిన. ఇంకెక్కడ పెడుతరు?" అన్నడు. నాకు జవాబు తోచలేదు. డి డ్రైవులో పెట్టొచ్చు గదా అంటే, "అది సినిమాలది గదరా" అన్నడు. డి డ్రైవులో సినిమాలు ఒక్కటి కూడా చెక్కు చెదరలేదు.

డబ్బా విప్పి డిస్కు బయటికి తీసి, యుఎస్‌బి అడాప్టరుతో మిత్రుడి లాప్‌టాప్‌కు తగిలించాను. అనుమతి లేదని అడ్డు చెప్పింది, 'కంటిన్యూ' నొక్కితే తెరిచింది. (డిస్కుకు బిట్‌లాకర్ తాళం వున్నవాళ్లకు ఇంత సులువు కాదు. 48 అంకెల తాళపు సంఖ్య కావాలి. అది ఎక్కడుందో ఈ రోజే చూసుకోండి.) విండోస్.ఓల్డ్ లోపల ప్రోగ్రాం ఫైల్స్, దాని లోపల పేజ్‌మేకర్ ఫోల్డరు. ఆ ఫోల్డరులో పాటలు లేవు.

ఆ రాత్రి మా అవ్వ అన్నానికి పిలిచినా లేవలేదు. బాపు వాకిట్లో మంచం మీద కూర్చున్నడు. ఏం దొరికిందని అడగలేదు.

జవాబు ఎప్పుడో క్లాసులో సగం విన్న ఒక విషయంలో దొరికింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అప్పటి ప్రోగ్రాములు ప్రోగ్రాం ఫైల్స్‌లో ఇష్టమొచ్చినట్లు రాసుకునేవి. 2007లో విస్టా వచ్చాక విండోస్ దానికి అడ్డుకట్ట వేసింది. కాని పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ఒక మాయ చేసింది. అవి అక్కడ రాయబోతే సరేనని, రాతను మాత్రం ఆ వాడుకదారు సొంత ఫోల్డరులో, వర్చువల్‌స్టోర్ అనే మూలకు మళ్లిస్తుంది. ప్రోగ్రాముకు మాత్రం ఫైలు తాను పెట్టిన చోటే వున్నట్లు చూపిస్తుంది. బాపు ఇన్నేళ్లూ పేజ్‌మేకర్ ఫోల్డరులో పెట్టాననుకున్న పాటలు అసలు ఎన్నడూ అక్కడ లేనే లేవు.

విండోస్.ఓల్డ్, దాని లోపల యూజర్స్, బాపు పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. యాప్‌డేటా దాగి వుండే ఫోల్డరు, దాచినవి చూపించమంటేనే కనబడుతుంది. ముప్పై ఒక్క ఫైళ్లు. మూడుచోట్లకు కాపీ చేశాకనే బాపును పిలిచాను.

ఫైలు తెరవగానే మళ్లీ భయపడ్డం. లాప్‌టాప్‌లో అను ఫాంట్లు లేకపోయేసరికి తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, పిచ్చి గీతలు. అది చెడిపోవడం కాదు. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలు కూర్చుకున్నవి. ఫాంటు లేకపోతే కింది వేషం బయటపడుతుంది. సోమవారం హన్మకొండలో అను వున్న మిత్రుడి దగ్గర తెరిచి, అన్నిటినీ పిడిఎఫ్ చేసి, తర్వాత మెల్లమెల్లగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. ఒత్తులు తప్పిపోతున్నాయి, బాపే దిద్దుతున్నడు.

ఒక సంగతి మిగిలింది. డిస్కును మళ్లీ డబ్బాలో బిగించి, ఆదివారం పొద్దున కమాండు తెరలో 'సిస్టమ్‌ఇన్ఫో' అని కొట్టాను. విండోస్ ఎప్పుడు ఎక్కిందో తేదీ, టైము అందులో వస్తాయి. పక్కనే బాపు వున్నడు. నేను పైకి చదివేసినాను: బుధవారం, 11 గంటల 42 నిమిషాలు. చదివినాక గాని నాకు తట్టలేదు. బుధవారం ఆ వేళకు అవ్వ నాట్లకాడ వుంది, అక్క డ్యూటీలో, పిల్లగాడు బడిలో.

బాపు తెరను చాలాసేపు చూసిండు. "నా ఫైళ్లు వుంచుమనే గదరా నొక్కిన" అన్నడు, ఎవరితోనో అన్నట్లు. కండువా భుజాన వేసుకుని బయటికి పోయిండు. మధ్యాహ్నానికి రెండు పల్లిపట్టీలు, ఒక గాలిపటం కొనుక్కొచ్చి అక్క కొడుకును పిలిచి చేతిలో పెట్టిండు. ఆగస్టు నెలలో గాలిపటం ఎక్కడ దొరికిందో నాకిప్పటికీ తెలియదు. పిల్లగాడు పట్టీలు తిని, "తాతా, ఇప్పుడు కంప్యూటర్ ముట్టుకోవచ్చా?" అని అడిగిండు.