మడిపట్టు - మితభోగము

తెల్లవారుజామున గోదావరీ స్నానమాచరించి, మడి కట్టుకొని, తిరువారాధనకు ఉపక్రమించుట ఈ తీరమందలి వైష్ణవ గృహముల ఆచారము. తడిపి, పరులు తాకకుండ ఆరవేసిన నూలుబట్ట మడికి యోగ్యము. పట్టుబట్టయు యోగ్యమే. నిత్యము తడుపనక్కరలేదు గనుక పెద్దలు దానిని ఆదరించిరి. అయితే ఇంటికి ఒకటి రెండు పట్టుబట్టలుండెడివి. అవియే ఏండ్ల తరబడి నిలిచెడివి.

నేడు ఆ మితము సడలినది. ప్రతి శుభకార్యమునకును క్రొత్త పట్టుచీర కావలెనను వేడుక పెరిగినది. ఆ చీర వెనుకనున్న వ్యయమెట్టిది?

పట్టుపురుగు మల్బరీ ఆకు మేసి, తన చుట్టును ఒకే పోగుతో గూడు అల్లుకొనును. రెక్కలు వచ్చి గూటిని చీల్చుకొని వెలువడినచో ఆ పోగు తెగును. కావున లోని జీవిని ముందుగనే ఆవిరిచేతనో వేడిగాలిచేతనో చంపి, గూళ్లను వేడినీట వేసి దారము తీయుదురు. ఒక కిలో పట్టునూలుకు సుమారు 5,000 గూళ్లు కావలెను. నీరు కాగుటకు కట్టెలు కాలును. దారముపై నుండు జిగురు బరువులో ఇంచుమించు నాలుగవ వంతు; దానిని సబ్బు, సోడా కలిపిన వేడినీట వదలింతురు. ఆ నీటిని, అద్దకపు నీటిని శుద్ధిచేయక విడిచినచో, చేరిన కాలువలో ప్రాణవాయువు క్షీణించి చేపలు నశించును. కాలువలే ప్రాణమైన డెల్టావాసులకు ఇది వేరుగ వివరింప నక్కరలేదు.

ఈ హింసను తప్పించు మార్గమును తెలుగువారే చూపిరి. 1990 ప్రాంతమున నాటి రాష్ట్రపతి వెంకటరామన్ గారి ధర్మపత్ని జానకి గారు, జీవహింస లేని పట్టుచీర దొరకునా యని అడిగిరి. ఆ ప్రశ్నతో ప్రేరితులై, ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థ ఉద్యోగి కుసుమ రాజయ్య గారు, పురుగు వెలువడిన పిదప మిగిలిన గూళ్లను ప్రత్తివలె వడికించి, అహింసా పట్టును నేయించిరి. దాని మెరుపు కొంత తక్కువ, వెల ఎక్కువ. అయినను జిగురు వదలించుట, రంగులద్దుట దానికిని తప్పవు. ప్రత్తికి సైతము నీరు, ఎరువు, పురుగుమందు కావలెను. కావున వస్త్రమును మార్చుటకన్న మితమును పాటించుట ముఖ్యము.

ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇప్పుడక్కడ పట్టు మిక్కిలిగ నేయుచున్నను, పూర్వము ఆ నేతకు పేరు తెచ్చినది సన్నని నూలే. శుభకార్యమునకు అట్టి నూలుచీర ధరించినంత మాత్రమున లోపమేమియు లేదు. ఉన్న పట్టును జాగ్రత్తపరచి కట్టుకొనుటయు ధర్మమే.

గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు భక్తితో అర్పించిన ఆకును, పువ్వును, పండును, నీటిని స్వీకరింతునని పలికెను. వస్త్రమును అందు పేర్కొనలేదు. ఆ నీటిని నిర్మలముగ నుంచుటయు ఆయన ఆరాధనలో భాగమే యని సుజనులు గ్రహింతురు గాక!