ఎలీసబెతు మరుగున ఉండిన అయిదు నెలలు

ఈ నెల పాఠమునకై లూకా సువార్త మొదటి అధ్యాయము 24వ వచనము మొదలు 56వ వచనము వరకు తెరచి, ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుకొనవలెనని కోరుచున్నాము. చదువురాని అత్తగారున్న యింట కోడలు చదివి వినిపించునుగాక. ఈ భాగము మనకు క్రొత్తది కాదు, ప్రతి క్రిస్మసుకును చదువుచునే యున్నాము. అయితే పశువుల తొట్టి యొద్దకు త్వరగా చేరవలెనను ఆత్రములో దీనిని దాటిపోవుదుము. మేమును ఎన్నో ఏండ్లు అట్లే దాటిపోయితిమి.

నిదానముగా చదివినయెడల లూకా ఇక్కడ నెలలు లెక్కపెట్టుచున్నాడని తెలియును. ఎలీసబెతు గర్భవతియై అయిదు నెలలు ఎవరికిని కనబడక యుండెను. ఆమెకు ఆరవ నెల జరుగుచుండగా దూత నజరేతునకు వచ్చెను. మరియ ఆమె యింట ఇంచుమించు మూడు నెలలు నిలిచెను. పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక చివర లూకాను వైద్యుడని పేర్కొనెను. వైద్యుడు గనుకనే లెక్కించెనని మేము రుజువు చేయజాలము గాని, మన ఊళ్లలో మంత్రసానులును ఇట్లే లెక్కించెడివారు. ఇద్దరు స్త్రీలు, ఇద్దరికిని తొలిచూలే. ఒకతె వయస్సు మీరినది, ఒకతె పెండ్లికి ప్రధానము చేయబడిన పడుచు. ఒకతె కడుపు అప్పుడప్పుడే బయటికి కనబడుచున్నది. మరియొకతెకు ఇంకను ఏమియు కనబడదు.

మన యిండ్లలో గర్భిణిని గౌరవించుట ఎప్పుడు మొదలగును? కడుపు కనబడిన తరువాత. ఏడవ నెలలో చీర పెట్టుదురు, పుట్టింటివారు వచ్చి తీసికొనిపోవుదురు, పలహారములు చేయుదురు. సంతోషమే. కాని నెల తప్పినది మొదలు ఆ దినము వరకు ఆమె పొయ్యి దగ్గరను, బావి దగ్గరను, కలుపు చేనిలోను ఎప్పటివలెనే యుండవలెను. ఈ పాఠములో మేము అడుగునది ఆ మొదటి నెలలను గూర్చియే.

ఎలీసబెతు ఎందుకు మరుగున ఉండెనో లూకా చెప్పలేదు. వ్యాఖ్యానకర్తలు పలు విధములుగా చెప్పుదురు. ప్రార్థనకని కొందరు, సిగ్గుపడి యని కొందరు. సెమినరీలో మేము ఆ అభిప్రాయములన్నియు వరుసగా వ్రాసికొని పరీక్షలో మార్కులు తెచ్చుకొంటిమి. మా స్త్రీల సమాజములో ఇదే ప్రశ్న వేయగా ఒక ముసలమ్మ, "నిలుస్తుందో లేదో అని భయం ఉండదా అయ్యగారూ" అని ఊరకొనెను. ఏండ్ల తరబడి గొడ్రాలని పిలిపించుకొనిన స్త్రీ, కడుపు పండినదని చెప్పి, తరువాత అది పోయినయెడల, ఆ వీధిలో మరల ఎట్లు నడచును? ఆ ముసలమ్మ మాట మాకు ఏ గ్రంథములోను కనబడలేదు.

ఆ మాట వినుటకు ముందే మేము ఒక తప్పు చేసియుంటిమి. దానిని ఇక్కడ చెప్పుట మంచిదని తోచినది.

కొన్ని ఏండ్ల క్రిందట మా సంఘములోనికి ఒక చిన్నది కోడలుగా వచ్చెను. ఒక శనివారము సాయంకాలము ఆమె అత్తగారు మా యింటికి వచ్చి, కోడలికి మూడవ నెల అనియు, ప్రార్థింపవలెననియు మెల్లగా చెప్పి పోయెను. మరునాడు ఆరాధనలో ప్రకటనల సమయమున మేము సంతోషముతో ఆ చిన్నదాని పేరు చెప్పి, సంఘమంతయు ఆమె కొరకు ప్రార్థింపవలెనని ప్రకటించితిమి. చాపమీద కూర్చుండిన ఆ చిన్నది కొంగు ముఖము మీదికి లాగికొనెను. సిగ్గనుకొంటిమి. ఆమె అప్పటికి తన కన్నతల్లికే చెప్పలేదని తరువాత తెలిసినది.

రెండు వారములు తిరుగకమునుపే ఆమెకు గర్భము పోయెను. ఊరంతయు ఎరిగిన సంగతి గనుక ఊరంతయు వచ్చెను. బొప్పాయి తింటివా, బిందె ఎత్తితివా, గతుకుల రోడ్డున ఆటో ఎక్కితివా అని అడుగనివారు లేరు. ఇంట దాచిన పాపమేదైన ఉన్నదేమోనని సంఘ పెద్ద ఒకరు మమ్మునే అడిగిరి. రెండు నెలలు ఆ చిన్నది గుడికి రాలేదు. మేము మా యింటివారితో కూడ వెళ్లినప్పుడు ఆమె తలవంచుకొని, "మీరు ప్రార్థన చేసినందుకు నాకేం బాధ లేదండి అయ్యగారూ. వచ్చినవాళ్లందరికీ అది మళ్లీ మళ్లీ చెప్పాల్సొచ్చిందండి" అనెను. మాకు నోట మాట రాలేదు.

సంఘములో ప్రతి యింటికిని ఇది తెలియవలెను. తెలిసిన గర్భములలో నూటికి 10 మొదలు 20 వరకు నిలువవు. అట్లు పోవువాటిలో ఎక్కువ మొదటి మూడు నెలలలోనే పోవును. వాటిలో ఇంచుమించు సగము, పిండము ఏర్పడునప్పుడే కణములలోని క్రోమోజోములు సరిగా కుదరకపోవుటచేత పోవును. ఆమె ఎత్తిన బిందె గాని, ఎక్కిన ఆటో గాని దానికి కారణము కాదు. పాపమును వెదకు పెద్దలు యోహాను సువార్త 9వ అధ్యాయమున పుట్టుగ్రుడ్డివానిని గూర్చి శిష్యులు వేసిన ప్రశ్నకు ప్రభువు ఏమని ప్రత్యుత్తరమిచ్చెనో చదువుదురుగాక.

కనబడని ఆ నెలలలో లోపల జరుగు పని ఎంతటిది! ఆఖరు బహిష్టు మొదటి దినము నుండి లెక్కించినయెడల, మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాళము ఆరవ వారము ముగియునాటికే మూసికొనును. అప్పటికి అనేకులకు తాము గర్భవతులమని నిశ్చయముగా తెలియదు. ఆ నాళము సరిగా మూసికొనుటకు సాయపడు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు నెల తప్పిన వెంటనే, వీలైనయెడల అంతకు ముందు నుండియే వేసికొనవలెనని వైద్యులు చెప్పుట అందుచేతనే. పండ్రెండు వారములకు బిడ్డ తల మొదలు పిరుదుల వరకు 5 లేక 6 సెంటీమీటర్లుండును, అయినను ముఖ్యమైన అవయవములన్నియు అప్పటికే రూపము దాల్చియుండును. పై పెదవి మూడవ నెల మొదటికే కలిసిపోవును. గ్రహణపు మొర్రి వచ్చునని ఆరవ నెల గర్భిణిని తలుపులు మూసి, మంచినీళ్లైనను ఇయ్యక, కదలవద్దని పండుకొనబెట్టుట మన క్రైస్తవ గృహములలో నేటికిని చూచుచున్నాము. ఎప్పుడో ఏర్పడిపోయిన పెదవిని నేటి గ్రహణము ఏమి చేయగలదు?

ఇక మరియ సంగతి. దూత వెళ్లిన తరువాత ఆమె త్వరపడి యూదా కొండసీమకు ప్రయాణమై పోయెను. ఆ ఊరి పేరు లూకా చెప్పలేదు. యెరూషలేమునకు పడమర నున్న ఐన్ కారెము అని సంప్రదాయము. నజరేతు నుండి అది 100 కిలోమీటర్లకు పైబడిన దారి, మూడు నాలుగు దినముల నడక. అంత దూరము పోయి ఆమె చేరినది ఎవరి యొద్దకు? తనవలెనే కడుపుతో ఉన్న పెద్ద వయస్సు బంధువు యొద్దకు. అక్కడ ఇంచుమించు మూడు నెలలుండెను. ఆ మూడు నెలలు ఏ నెలలో తల్లులకు చెప్పనక్కరలేదు, అవి వేవిళ్ల నెలలు. మరియకు వేవిళ్లు కలిగెనని లూకా వ్రాయలేదు, కలుగలేదనియు వ్రాయలేదు.

పదిమందిలో ఏడెనిమిది మందికి ఈ వికారము ఆరవ వారము ప్రాంతమున మొదలై, మూడవ నెల దాటిన పిమ్మట క్రమముగా తగ్గును. ఉదయముననే వచ్చునని నియమము లేదు. మా యింటివారి తొలిచూలున అన్నము పొంగు వాసన వచ్చిన చాలును, దొడ్డిలోనికి పరుగెత్తెడివారు. మేము అప్పుడే సెమినరీ నుండి వచ్చి, వరండాలో ఇదే అధ్యాయమునకు క్రిస్మసు ప్రసంగము వ్రాసికొనుచు, "అందరూ కనడం లేదా" అని అంటిమట! మాకు జ్ఞాపకము లేదు, వారికి బాగుగా జ్ఞాపకమున్నది. జెకర్యాను ఆ నెలలన్నియు దేవుడు మూగవానిగా ఉంచెను గదా. అది ఎలీసబెతునకు ఎంత ఉపకారమో అని స్త్రీల సమాజమువారు నవ్వుకొనిరి. కాపరులును పెనిమిటులును ఆ నవ్వును భరింపవలసినదే.

పెనిమిటి చేయదగిన పని లేకపోలేదు. తెల్లవారి లేచుటకు ముందే రెండు బిస్కట్లో, పిడికెడు మరమరాలో పడకయొద్దకు తెచ్చి ఇయ్యవచ్చును. కొద్ది కొద్దిగా పలుమారులు తిన్నయెడల వికారము కొంత తగ్గును. తాలింపు వాసన పడనియెడల ఆ పది దినములు అత్తగారు గాని, తాను గాని పొయ్యి దగ్గర నిలువవచ్చును. త్రాగిన నీరైనను కడుపులో నిలువక, మూత్రము తగ్గి ముదురురంగైనయెడల అది వేవిళ్లేలే అని ఊరకుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మరియ గడపలో వందనము చేయగానే ఎలీసబెతు గర్భములో శిశువు గంతులు వేసెను. ఇక్కడ లూకా వ్రాసిన గ్రీకు క్రియయే, గ్రీకు పాత నిబంధనలో రిబ్కా గర్భమున కవలలు పెనుగులాడిన చోటను ఉన్నది. రిబ్కాకును అది తొలిచూలే. శిశువు అను మాటయు గమనింపదగినది. గర్భములోని యోహానునకు లూకా వాడిన మాటనే, తరువాతి అధ్యాయములో తొట్టిలో పండుకొనిన యేసునకును వాడెను.

తొలిచూలు స్త్రీకి బిడ్డ కదలిక సాధారణముగా 18 మొదలు 20 వారముల మధ్య తెలియును, కొందరికి ఇంకను ఒకటి రెండు వారములు ఆలస్యమగును. మొదట అది కదలికయని ఆమెకే తెలియదు. వాయువేమో అనుకొనును. నీళ్లలో చేపపిల్ల తోక ఆడించినట్లుండునని ఒక తల్లి చెప్పెను. ఆ క్షణమున ఆమె ప్రక్కన ఎవరును ఉండరు. కలుపు తీయుచునో, గిన్నెలు తోముచునో ఉండును. ఎలీసబెతునకు ఆరవ నెల గనుక కదలికలు అంతకుముందే తెలిసియుండవచ్చును. కాని ఆమె నోరు విప్పి దానిని చెప్పగా లూకా వ్రాసిపెట్టినది, వినుటకు మరియొక గర్భిణి గడపలో నిలిచిన దినముననే.

నాలుగవ నెల మొదలు ఆకలి తిరిగి వచ్చును. ఇప్పుడే మన యిండ్లలో మరియొక అన్యాయము జరుగును. ఎక్కువ తిన్నయెడల బిడ్డ లావై కానుపు కష్టమగునని పెద్దలు ఆమె కంచములో తగ్గించి వడ్డింతురు. ఇంటిలో అందరును తిన్న పిమ్మట మిగిలినది ఆమెకు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. రక్తము తక్కువైన తల్లికి కానుపునాడు పోవు కొద్ది రక్తమును ప్రాణము మీదికి తెచ్చును. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గరాదు. ఆశా కార్యకర్తలు ఇచ్చు ఎర్రని ఇనుము మాత్ర నాలుగవ నెల నుండి దినమునకు ఒకటి చొప్పున 180 దినములు వేసికొనవలెను. మలము నల్లబడుట చూచి భయపడి మానవద్దు. టీతో వేసికొనినయెడల ఇనుము ఒంటబట్టదు, నిమ్మరసముతో మేలు. సున్నపు మాత్రలు, అనగా కాల్షియము, వేరు పూట వేసికొనవలెను. మా యూరిలో కొన్ని యిండ్ల అటకలమీద ఆ ఎర్రని మాత్రల అట్టలు మూటలుగా నుండుట మేము చూచితిమి.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో నాలుగవ నెల దాటిన గర్భిణులకు ఉచిత పరీక్షలున్నవి. ఈ ఏర్పాటు 2016లో మొదలైనది. స్కానింగునకు వెళ్లినప్పుడు మగబిడ్డయా ఆడబిడ్డయా అని అడుగవద్దు. 1994 నాటి చట్టము ప్రకారము అడుగుటయు చెప్పుటయు నేరమే. రక్తస్రావము, కడుపులో విడువని నొప్పి, జ్వరము, కన్నులు మసకబారు తలనొప్పి, ముఖము ఉబ్బుట, తెలిసిన కదలిక తగ్గిపోవుట, వీటిలో ఏది కనబడినను ప్రార్థన కూటము ముగియువరకు ఆగక 108కి ఫోను చేయవలెను. బండి వచ్చులోగా ప్రార్థింపవచ్చును.

ఆ చిన్నదాని సంగతి చెప్పి ముగించెదము. రెండవ ఏట ఆమె మరల గర్భవతియైనది. ఈసారి మాకెవరును చెప్పలేదు. ఒక బుధవారము కూటము ముగిసి అందరును వెళ్లిన తరువాత ఆమె వెనుకకు వచ్చి, మా యింటివారి చేయి పట్టుకొని తన కడుపు మీద ఉంచుకొనెను. అయిదవ నెల. కీర్తన పాడుచుండగా కదలినదట. మా వైపు తిరిగి, "ఆదివారం చెప్పకండేం అయ్యగారూ, నేనే చెబుతానండి" అనెను. ఆదివారము వచ్చెను. ప్రకటనల పుస్తకము తెరచి, వరికోతల కానుకల సంగతియు, సండే స్కూలు పరీక్షల సంగతియు చదివి కూర్చుంటిమి. ఆమె చాపమీద తన స్థలములోనే ఉండెను. నాలుగు ఆదివారములు గడచిన తరువాత, సాక్ష్యముల సమయమున, ఆమె తానే లేచి నిలువబడెను.