జోగుళాంబమ్మ పీఠాలు 18: ఈ సంఖ్యలో అంత ఏముంది?

మా వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా వెళ్లి, బీచుపల్లి దగ్గర కృష్ణమ్మను దాటి ముందుకెళ్తే అలంపురం వస్తుంది. తుంగభద్ర ఒడ్డున కొలువైన జోగుళాంబ అమ్మవారిది అష్టాదశ శక్తిపీఠాల వరుసలో ఐదో పీఠం. అలంపురం గురించి చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "18యే ఎందుకు? దీని వెనక సైన్స్ ఉందా?" ఈరోజు పెన్నూ కాగితం తీసుకుని మనమే చూద్దాం.

ముందు మన గ్రంథాలు

మహాభారతంలో పర్వాలు 18. యుద్ధం జరిగింది 18 రోజులు. కౌరవులవి 11, పాండవులవి 7, కలిపి 18 అక్షౌహిణులు. గీతలో అధ్యాయాలు 18, మహాపురాణాలు 18. భారతానికి 'జయ' అనే పేరు కూడా ఉంది. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో 'క' నుంచి లెక్కపెడితే 'జ' ఎనిమిది. 'య'తో కొత్త వరుస మొదలవుతుంది కాబట్టి అది ఒకటి. ఆ పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చదవాలి. జయ అంటే 18!

ఇప్పుడు లెక్కలు

1. 1+8=9. దానికి రెట్టింపు 18. తన అంకెల మొత్తానికి సరిగ్గా రెట్టింపు ఉండే సంఖ్య, సున్నాను పక్కనపెడితే, ఇదొక్కటే.

2. పొడవు 6, వెడల్పు 3 ఉన్న దీర్ఘచతురస్రం గీయండి. వైశాల్యం 18, చుట్టుకొలత కూడా 18. భుజాలు పూర్ణసంఖ్యలైతే ఇలా కుదిరేది 18కీ, 16కీ (4×4) మాత్రమే.

3. 18 ఘనం 5832. నాలుగో ఘాతం 104976. రెండూ పక్కపక్కన రాసి చూడండి. 0 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఒక్కోసారే వచ్చాయి!

అద్భుతమా, కారణమా?

ఒక అక్షౌహిణిలో రథాలు 21870, ఏనుగులూ అన్నే. గుర్రాలు 65610, కాల్బలం 109350. ఏ సంఖ్య అంకెలు కూడినా 18! ఫార్వర్డ్ మెసేజ్‌లు ఇక్కడే ఆగి "చూశారా మహిమ" అంటాయి. మనం ఇంకో అడుగు వేద్దాం. సేనను పత్తి నుంచి మొదలుపెట్టి ఏడుసార్లు మూడింతలు చేసి, చివర్లో పదింతలు చేస్తే అక్షౌహిణి అవుతుంది. అన్నిసార్లు మూడుతో గుణిస్తే వచ్చేది 9 గుణిజమే. 9 గుణిజాల అంకెలు కూడితే 9, 18, 27... ఇలాగే వస్తాయి. అది మనం పదుల్లో రాసే పద్ధతి గుణం.

కాబట్టి ఈ లెక్కలను శక్తిపీఠాలకు రుజువుగా చూపించకండి. రేపు కాలేజీలో ఎవరైనా "16కి కూడా ఉందిగా" అంటే మీ భక్తి తడబడకూడదు. లెక్క లెక్కగా నిజం. అమ్మ మీద నమ్మకానికి దాని సాక్ష్యం అక్కర్లేదు.

మరి సంఖ్య వల్ల ఉపయోగం? ఉంది. అష్టాదశ పీఠాల పేర్లు వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పండి. 17 దగ్గర ఆగిపోతే ఒక తల్లిని మరిచారని వెంటనే తెలిసిపోతుంది. రాతకంటే నోటిమాటగా వచ్చిన చదువుకు సంఖ్యే కాపలా. ఈ శుక్రవారం చూడకుండా 18 పేర్లూ చెప్పి చూడండి, ఎన్ని వచ్చాయో కామెంట్‌లో రాయండి.

జై జోగుళాంబ!