కట్టులేని పలక, అండమాన్ గాలి: వేక్‌స్కేట్ ఎంపిక వెనుక సైన్సు

నికోబార్ దీవుల్లో వాడే హోడి, ఒకే చెట్టు మొద్దును తొలిచి చేసే పడవ. పక్కన కట్టిన తేలుడు దుంగ దాన్ని ఒరిగిపోకుండా ఆపుతుంది. మనుషులు ఎక్కి కదలకుండా కూర్చున్నా హోడి తేలుతూనే ఉంటుంది. మీటరుకు కాస్త పైగా పొడవుండే వేక్‌స్కేట్ పలక అలా కాదు. దానిమీద ఊరికే నిలబడితే మునిగిపోతుంది. వేగం ఉన్నంతసేపే అది మనిషిని మోస్తుంది.

కైట్‌బోర్డింగ్‌లో పెద్ద గాలిపటం మనిషిని లాగుతుంది, కాళ్లకింద పలక నీటిపై జారుతుంది. మామూలు కైట్‌బోర్డుకు పాదాలను పట్టి ఉంచే పట్టీలు ఉంటాయి. వేక్‌స్కేట్‌కు అవి ఉండవు. అందుకే దీని ఎంపికలో రెండు ప్రశ్నలు ముఖ్యం: పలక మనిషిని ఎలా మోస్తుంది? పాదం దానిపై ఎలా నిలుస్తుంది?

తేలడం కాదు, జారడం

106 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉన్న పలకను తీసుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 6.4 లీటర్లు. పూర్తిగా మునిగినప్పుడు అది పక్కకు నెట్టే సముద్రపు నీటి బరువు ఆరున్నర కిలోలు. పలక బరువే మూడు కిలోలనుకుంటే, మిగిలేది మూడున్నర కిలోలు. 70 కిలోల మనిషికి అది ఏ మూలకూ చాలదు.

మిగతా బరువును మోసేది వేగం. ముందు అంచు కాస్త పైకి లేచిన పలక నీటిని కిందికి నెడుతుంది, నీరు పలకను పైకి నెడుతుంది. ఇది న్యూటన్ మూడో సూత్రమే. ఈ బలం పలక వైశాల్యాన్ని బట్టి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 138 × 41 సెంటీమీటర్ల మామూలు కైట్‌బోర్డుతో పోలిస్తే పై పలక వైశాల్యం దాదాపు నాలుగో వంతు తక్కువ. అదే బరువు మోయాలంటే సుమారు 15 శాతం ఎక్కువ వేగం కావాలి. కాబట్టి గాలి తక్కువగా ఉండే చోట, శరీర బరువు ఎక్కువైనవారికి పొడవైన, వెడల్పైన పలకే మేలు.

పలక అడుగు వంపు కూడా ముఖ్యమే. అడుగు చదునుగా ఉంటే త్వరగా జారడం మొదలుపెడుతుంది, గాలికి ఎదురుగా సాగడం సులువవుతుంది. వంపు ఎక్కువైతే చిన్న అలల్లో ముక్కు గుచ్చుకోదు, కానీ నీటి నిరోధం పెరుగుతుంది.

పాదాన్ని పట్టేది ఘర్షణ

పట్టీలు లేనప్పుడు పాదాన్ని ఆపేది ఘర్షణ ఒక్కటే. పాదం పలకను ఎంత గట్టిగా నొక్కితే ఘర్షణ అంత ఎక్కువ. ఇక్కడే ఒక చిక్కుంది. గాలిపటం నెత్తిమీద ఎత్తుగా ఉంటే మనిషి బరువులో కొంత అదే మోస్తుంది, పలకకు పని తగ్గుతుంది. కానీ పాదం నొక్కుడు కూడా తగ్గి పట్టు సడలుతుంది. పలకకు సాయం చేసే లాగుడే పాదానికి ఇబ్బంది. అందుకే గాలిపటాన్ని మరీ ఎత్తులో ఉంచకుండా, కుదుపుల్లేకుండా నడపడం ఇందులో మొదటి పాఠం.

పైపొరల్లో రెండు రకాలున్నాయి. గరుకు కాగితంలాంటి పొర బాగా పట్టుకుంటుంది కానీ చర్మాన్ని గీరేస్తుంది, బూట్లు తప్పనిసరి. మెత్తటి నురుగు పొరపై ఒట్టి కాళ్లతో నిలబడవచ్చు. పలక మధ్యలో పల్లంగా, అంచులు కాస్త లేచి ఉంటే పాదం అంచును గుర్తుపట్టగలదు.

అండమాన్‌లో మారే లెక్క

ఈ దీవుల చుట్టూ చాలాచోట్ల పగడపు దిబ్బలు తీరాన్ని ఆనుకొనే ఉంటాయి. షహీద్ ద్వీప్‌లో ఆటు సమయంలో దిబ్బల చదును నీటిపైకి తేలుతుంది. అక్కడ పలక అడుగున ఉండే రెక్కలు పగడాన్ని తాకితే పలక ఠక్కున ఆగుతుంది, పట్టీలు లేని మనిషి ముందుకు పడతాడు. పొట్టి రెక్కలు కొంత మేలు. అయినా అసలు రక్షణ పోటు సమయం చూసుకొని, దిబ్బలకు దూరంగా లోతు నీటిలో ఉండడమే. దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అక్కడ దెబ్బ మనిషికే కాదు, వాటికీ తగులుతుంది. పగడం కోసుకోకుండా గట్టి అడుగున్న బూట్లు వేసుకోవాలి. అంటే గరుకు పొర ఇక్కడ లోపం కాదు.

చెక్క పలక అంచు చిట్లితే లోపలికి నీరు చేరి పొరలు విడిపోతాయి. తేమ ఎక్కువగా ఉండే దీవుల్లో ఆ పలక త్వరగా ఆరదు. చిట్లిన చోటును వెంటనే పూడ్చలేనివారికి ఫైబర్ మిశ్రమ పలక నయం.

గాలి దిశ అన్నిటికంటే కీలకం. శీతాకాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి తూర్పు తీరాల్లో ఒడ్డువైపు వస్తుంది. స్వరాజ్ ద్వీప్ పడమటి తీరంలోని రాధానగర్‌లో అదే గాలి అడవి మీదుగా వచ్చి సముద్రంవైపు పోతుంది. చెట్లు అడ్డొచ్చిన గాలి నిలకడగా ఉండదు. కాళ్లకు అంటిపెట్టుకోని పలక, పడ్డ క్షణంలోనే దూరమవుతుంది. గాలి సముద్రంవైపు ఉంటే పలకతోపాటు మనిషీ కొట్టుకుపోవచ్చు. పలకను తాడుతో ఒంటికి కట్టుకుంటే, సాగిన తాడు దాన్ని తిరిగి మనిషి మీదికే విసరవచ్చు. దూరానికి కనిపించే రంగు పలక, ఒడ్డువైపు వాలుగా వీచే గాలి, తోడుగా ఒక పడవ ఉండాలి.

ఎంచుకునే ముందు

• బరువు ఎక్కువ, గాలి తక్కువ: పొడవైన, చదును అడుగున్న పలక.
• బలమైన గాలి, చిన్న అలలు: కాస్త పొట్టి, వంపున్న పలక.
• పగడాలున్న తీరం: పొట్టి రెక్కలు, బూట్లకు తగిన పైపొర.
• నీటిలో దిగేముందు: ఆటుపోట్ల పట్టిక, మొసళ్ల హెచ్చరిక బోర్డులు, స్థానిక అనుమతులు.

పట్టీలున్న పలకతో గాలిపటాన్ని అదుపుచేయడం వచ్చాకే వేక్‌స్కేట్ ఎక్కడం మంచిది. ఆగితే హోడి తేలుతుంది, వేక్‌స్కేట్ తేలదు.