ఆటల కోసం గాలించిన మట్టి

2012 జూలై 30న లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకం గెలిచాడు. అతను గురిపెట్టి కాల్చిన హాలును చూద్దామని మీరు ఇప్పుడు వూలిచ్ అనే ఆ పేటకు వెళితే, హాలు కనిపించదు. ఆటలు ముగిశాక, పెళ్ళయిన తరువాత పందిరి విప్పినట్టు దాన్ని విప్పేశారు.

అలా విప్పాలని ముందే అనుకున్నారు. ఎందుకంటే ఒలింపిక్స్ జరిగేది రెండున్నర వారాలు. కట్టిన కట్టడం నిలిచేది వందేళ్ళు. ఆ వందేళ్ళూ దాన్ని ఎవరు వాడుకుంటారు, ఎవరు సున్నం వేయిస్తారు? కెనడాలోని మాంట్రియల్ నగరం 1976లో ఒలింపిక్స్ కోసం ఒక మహా స్టేడియం కట్టింది. దాని అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ఆ ముప్పై ఏళ్ళూ అక్కడ సిగరెట్టు కాల్చినవాళ్ళు పొగాకు పన్ను రూపంలో ఆ అప్పు కడుతూనే ఉన్నారు.

లండన్ వాళ్ళు ఈ సంగతి ఎరిగి, 80 వేల మంది పట్టే తమ స్టేడియంలో పై వరుసల్లోని 55 వేల సీట్లను ఊడదీసేందుకు వీలుగా కట్టారు. కాని ఆటలయ్యాక మనసు మారింది. అంత చిన్న స్టేడియం ఫుట్‌బాల్ జట్టుకు చాలదన్నారు. 2016లో వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు అందులో చేరేలోగా ఆ మార్పులకే 32 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయింది. అందులో ఎక్కువ భాగం ప్రజల సొమ్మే. ముందుచూపు కూడా ఒక్కొక్కప్పుడు ఇలా తప్పుతుంది.

అయితే ఆ స్టేడియం కింద ఉన్న నేల కథ వేరు. నా మట్టుకు నాకు లండన్ ఒలింపిక్స్ మిగిల్చిన వాటిలో గొప్పది ఆ నేలే.

లండన్ తూర్పు కొసన లీ అనే నది ఉంది. 1844లో వచ్చిన ఒక చట్టం ప్రకారం దుర్గంధం వెదజల్లే పరిశ్రమలు నగరం హద్దుల్లో ఉండరాదు. లీ నది దాటితే ఆ హద్దు దాటినట్టే. పైగా లండన్‌లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. అంటే తూర్పున పొగ పుడితే నగరంలోని ధనికుల ఇళ్ళమీదికి రాదు. ఇంకేం, రసాయనాల కర్మాగారాలు, నూనె శుద్ధిచేసే బట్టీలు, ఎముకల నుంచి జిగురు తీసే కొట్టాలు అన్నీ ఆ లోయకు చేరాయి. తొలి ప్లాస్టిక్ అనదగిన పార్కెసిన్‌ను అలెగ్జాండర్ పార్క్స్ 1866లో తయారుచేయించింది ఈ లోయలోని హాక్నీ విక్‌లోనే. మనం రోజూ పలికే 'పెట్రోలు' అన్న మాట కూడా 1890ల్లో అక్కడి ఒక శుద్ధి కర్మాగారం సరుకు పేరుగానే జనంలోకి వచ్చింది.

కర్మాగారాలు పోయాయి, వాటి మురికి మాత్రం నేలలో ఉండిపోయింది. తారు, నూనెలు, సీసం, ఆర్సెనిక్, సయనైడ్ లవణాలు. 2005 జూలైలో ఒలింపిక్స్ లండన్‌కు దక్కేనాటికి దాదాపు రెండున్నర చదరపు కిలోమీటర్ల ఆ స్థలం అలా ఉంది. ఏడేళ్ళలో అక్కడికి లక్షల మంది రావాలి!

ఆ మట్టినంతా తవ్వి లారీలకెత్తి ఇంకొక చోట పారబోయవచ్చు. కాని లండన్ ఇంజనీర్లు అలా చేయక, మట్టిని అక్కడికక్కడే కడగాలనుకున్నారు. మట్టిని కడగటమేమిటని నవ్వకండి. మీ ఇంట్లో బియ్యం గాలించటం చూశారు గదా. బరువైన రాయి అడుగున ఉండిపోతుంది, తేలిక గింజలు నీటితోపాటు ముందుకు జారతాయి. ఇదీ అలాంటిదే.

ఒక గాజు సీసాలో గుప్పెడు పొలం మట్టి వేసి, ముప్పాతిక వంతు నీళ్ళు పోసి, మూత బిగించి బాగా కుదపండి. తరువాత కదల్చకుండా బల్లమీద పెట్టండి. గులకరాళ్ళు, ఇసుక క్షణాల్లో అడుగుకు చేరతాయి. వాటిమీద ఒండ్రు మెల్లగా పేరుకుంటుంది. బంకమన్ను మాత్రం మరునాటికి కూడా నీటిని మబ్బుగానే ఉంచుతుంది. ఆ మబ్బునీటిని వంపేసి, కొత్త నీరు పోసి, మళ్ళీ కుదపండి. అయిదారు సార్లయ్యేసరికి అడుగున తళతళలాడే ఇసుక మిగులుతుంది.

మరి విషం ఇసుకతో ఉండిపోదా అని మీరడగాలి. ఇక్కడ ఒక లెక్క చేద్దాం. ఒక సెంటీమీటరు భుజంగల ఘనానికి ఆరు ముఖాలు, కాబట్టి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలవుతాయి. వాటి మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ముక్కలుగా కోశామనుకోండి, ఉపరితలం 60,000 చదరపు సెంటీమీటర్లవుతుంది! అంటే 6 చదరపు మీటర్లు, ఒక చిన్న గది నేలంత. పదార్థం ఒక్క గ్రాము కూడా పెరగలేదు. బంకమన్ను రేణువులు ఇంచుమించు ఆ పరిమాణంవే. సీసం, తారు వంటివి రేణువుల ఉపరితలానికి అంటుకుని ఉంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. ఉపరితలం ఎక్కడ ఎక్కువో విషం చాలావరకు అక్కడే చేరుతుంది.

లండన్‌లో పెట్టిన యంత్రాలు మట్టిని నీటితో జల్లించి, తిప్పి, రాచి, సన్నని రేణువులను వేరుచేశాయి. శుభ్రమైన రాళ్ళు, ఇసుక ఒక వైపు, విషం నిండిన అడుసు ఇంకొక వైపు. నూనె పట్టిన మట్టిలో కొంతభాగాన్ని కుప్పలు పోసి, గాలీ తేమా అందించి, సూక్ష్మజీవులకు అప్పగించారు. నూనె వాటికి ఆహారం. ఇలా పది లక్షల టన్నులకు మించిన మట్టి శుద్ధి అయింది. తవ్వితీసిన మట్టిలో నూటికి 80 వంతుల దాకా మళ్ళీ అక్కడే వాడారు. పైన కనీసం 60 సెంటీమీటర్ల మందాన శుభ్రమైన పొర పరిచారు. 52 విద్యుత్ స్తంభాలను తీసివేసి తీగలను భూమి లోపలి సొరంగాల్లోకి మళ్ళించారు. నది ఒడ్డులను వెడల్పుచేసి, రెల్లు నాటి, వరదనీటికి చోటిచ్చారు.

2014 ఏప్రిల్ నుంచి ఆ స్థలమంతా అందరికీ తెరిచిన ఉద్యానవనం. ఈత కొలనులో 17,500 సీట్లను 2,500కు తగ్గించారు. ఇప్పుడు పేటలోని పిల్లలు అందులో ఈత నేర్చుకుంటున్నారు. క్రీడాకారులు బసచేసిన భవనాలు సుమారు 2,800 ఇళ్ళయ్యాయి.

నష్టపోయినవాళ్ళూ ఉన్నారు. అదే లోయలో ఉంటూ వచ్చిన వందల మంది ఇళ్ళు ఖాళీచేశారు. ఒకరికొకరు కూరలు పంచుకుంటూ తరతరాలుగా పెంచుకున్న పెరటి మడులను 2007లో కొందరు వదులుకోవలసి వచ్చింది. నేల బాగుపడగానే దాని ధర పెరిగింది. పేట బాగుపడాలని కోరుకున్న పేదవాళ్ళే ఆ కొత్త ఇళ్ళ అద్దె కట్టలేని పరిస్థితి వచ్చింది. ఈ లెక్క మన సీసాలో తేలేది కాదు.

మీ సీసాలో మాత్రం ఇంకొకటి మిగిలి ఉంది. వంపేసిన ఆ మబ్బునీటిని ఎక్కడ పోశారు? పెరట్లో పోసి ఉంటారు, అది మామూలు మట్టి గనుక ఫరవాలేదు. లండన్‌లో ఆ నీటిని తేర్చి, అడుసును పిండి గట్టిగా చేశారు. విషం మాయం కాలేదు, పెద్ద కుప్పలోనుంచి చిన్న కుప్పలోకి చేరిందంతే. ఆ చిన్న కుప్ప తగిన రక్షణ ఉన్న పూడ్పు గుంటలకు లారీలెక్కి వెళ్ళవలసిందే.