ఆంగ్ల సర్వనామములు – లింగభేదము

మన విద్యార్థుల ఆంగ్ల వ్యాసములు దిద్దునపుడు ఒక తప్పు పదేపదే ఎదురగును. 'మై సిస్టర్ ఈజ్ ఎ నర్స్, హి వర్క్స్ ఇన్ మేడ్చల్' అని వ్రాయుదురు. అశ్రద్ధయని గద్దించుట సులభము. కాని ఆ తప్పునకు మూలము చాలవరకు మన ఇంటిభాషలలోనే కలదు.

ఉర్దూలో 'వో' అను ఒక్క మాటయే పురుషునకు, స్త్రీకి, వస్తువునకు కూడ చెల్లును. లింగము క్రియలో తెలియును: 'వో ఆయా', 'వో ఆయీ'. తన్ను గూర్చి చెప్పుకొనునపుడు సైతము బాలుడు 'మైఁ గయా' అనగా బాలిక 'మైఁ గయీ' అనును. తెలుగులో భేదము సర్వనామమునందును క్రియయందును కలదు. అయితే 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అని స్త్రీకిని పశువునకును ఏకవచనమున ఒకే క్రియ. (ఈ విషయమున మన బాలికలు వ్యాకరణముపై అలిగినచో నేను వారి పక్షమే.) బహువచనమున మాత్రము 'వారు వచ్చారు' అని స్త్రీపురుషులు ఒక్కటగుదురు. ఆంగ్లమున క్రియకు లింగము లేదు. ఆ భారమంతయు 'హి', 'షి' అను మాటలదే. క్రియలో లింగమును చూచుటకు అలవాటుపడినవారు అచ్చట జారుట వింత కాదు.

ఇక మనిషి ఎవరో తెలియనపుడు? 'ఎవ్రీ స్టూడెంట్ మస్ట్ బ్రింగ్ హిస్ హాల్ టికెట్' అను వాక్యమును మా తరము కంఠస్థము చేసినది. తరగతిలో బాలికలు కూర్చుండియుండగా 'హిస్' అనుట నాకు అప్పుడే ఎబ్బెట్టుగా తోచెడిది. దీనికి చట్టము అండ కలదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము పుంలింగ పదములు స్త్రీలకును వర్తించునని చెప్పినది. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 'హి' అను మాటలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కూడ చేర్చినది. చట్టమునకు అది చాలును. తరగతిలోని బాలికకు చాలదు.

ఆంగ్లమున దీనికి పాతమందే కలదు. 'సమ్‌వన్ హాజ్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా' అన్నట్లు ఒక్కరికి 'దే' వాడుట పదునాల్గవ శతాబ్దినుండియు ఉన్నది. తప్పుపట్టినవారు తరువాతి వ్యాకర్తలు. మనకిది కొత్త కాదు. 'ప్రిన్సిపాల్‌గారు వచ్చారు, వారు గదిలో ఉన్నారు' అన్నచో వచ్చినది ఒక్కరే. స్త్రీయో పురుషుడో వాక్యము చెప్పదు. మనము బహువచన క్రియ వాడినట్లే ఆంగ్లమునను 'దే ఆర్' అనవలెను, 'దే ఈజ్' అనరాదు. అయితే మన 'వారు' గౌరవమునకు; 'దే' గౌరవమునకు కాదు. 'మై ఫాదర్ హాజ్ కమ్, దే ఆర్ టైర్డ్' అని వ్రాసినచో మార్కులు పోవును.

తమ్ము 'హి' అనవలదు, 'షి' అనవలదు అని కోరువారును కలరు. మన అలియాబాదునకు చేరువన, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము 2015లో ఒకరి కోరికపై పట్టాపత్రమున మిస్టర్, మిస్ అను మాటలకు బదులు ఎమ్, ఎక్స్ అను రెండక్షరముల సంబోధనను ముద్రించి ఇచ్చినది.

పరీక్షకులు పాతపద్ధతివారేమో అని జంకువారు వాక్యమునంతను బహువచనమునకు మార్చుకొనవచ్చును: 'ఆల్ స్టూడెంట్స్ మస్ట్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్స్.' మన కళాశాల నోటీసు బోర్డుపై ఇట్లు వ్రాయుటకు సుద్దముక్క ఎక్కువేమియు అరగదు.