డాబాకు తెల్లకోటు

శివరాత్రి వెళ్లగానే విశాఖపట్నం మద్దిలపాలెంలో డాబాలు వేడెక్కుతాయి. పొద్దుగూకాక నీళ్లు చల్లి చాప పరిచినా నేల వెచ్చగానే ఉంటుంది. ఎందుకని? కాంక్రీటు పగలంతా ఎండ వేడిని పీల్చుకుని, రాత్రి నెమ్మదిగా వదులుతుంది. పైగా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెమట త్వరగా ఆరదు. డాబా కింది గదిలో పడుకునే ముసలివారికి, పసిపిల్లలకు ఈ వేడి ప్రమాదకరం.

దీనికి చవకైన విరుగుడు సున్నం. తెల్లని పూత ఎండను చాలావరకు వెనక్కి పంపేస్తుంది.

ముందుగా డాబా ఊడ్చి, తూముకు అడ్డుపడిన ఆకులు తీయాలి. పాచిని గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. మట్టి, పాచి మిగిలితే సున్నం పెచ్చులుగా ఊడిపోతుంది.

పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, నీటితో కలిసి తడిసున్నంగా మారుతుంది. అప్పుడు పుట్టే వేడికి నీళ్లు సలసల కాగుతాయి! కంట్లో పడితే చూపుకే ముప్పు. కనుక ఈ పని పెద్దలే చేయాలి.

చల్లారాక వడగట్టి రెండు పూతలు వేయాలి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. సున్నపురాయిలో ఉండేదీ అదే! వానలకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది.

మీరూ పరీక్షించండి: ఒకేలాంటి రెండు పెంకులు తీసుకుని, ఒకదానికి సుద్ద, రెండోదానికి బొగ్గు దట్టంగా రుద్దండి. గంటసేపు ఎండలో ఉంచి తాకి చూడండి. మీ డాబాకు ఏ రంగు మేలో మీ చెయ్యే చెబుతుంది.